క్రైస్తవ ధర్మమున వెలుగు

చీకటిగదిలో దీపము వెలిగించినప్పుడు మనము దీపమును చూడము, గదిని చూచెదము. నీళ్లబిందె ఎచట నున్నదో, గడప ఎంత యెత్తున నున్నదో, ఎవరు మేలుకొని యున్నారో, ఎవరు నిద్రించుచున్నారో అప్పుడు తెలియును. దీపము తన్ను చూపుకొనుటకు వెలుగదు. తక్కినవానిని మనకు చూపుటకు వెలుగును. ఇది అందరు నెఱిగిన సామాన్య విషయమే. అయినను క్రైస్తవ ధర్మమున వెలుగు అను మాటకు గల అర్థమంతయు ఈ సామాన్య విషయమునే ఆశ్రయించి యున్నది.

మన దేశమున వెలుగును పవిత్రముగా భావింపని మతము లేదు. కార్తికమాసమున గుడి ముంగిట ఆకాశదీపము వెలుగును. దీపావళినాడు పేదయింటి గడపమీదనైనను ఒక ప్రమిద నిలుచును. దర్గాలలో భక్తులు చిరాగులు వెలిగింతురు. క్రిస్మసు వచ్చినదనగా వెదురుబద్దలకు రంగుకాగితము లంటించి చేసిన నక్షత్రము క్రైస్తవుల యిండ్లముందు వ్రేలాడును. ఈ వెలుగులను చూచినప్పుడు మనకు తోచు మొదటి భావము శుభము, ఓదార్పు. క్రైస్తవ గ్రంథములలో ఈ భావము నిండుగా నున్నది. కాని దానితోపాటు అంత సుఖము గొలుపని మఱియొక భావము కూడ కలదు. వెలుగు ఓదార్చుటకు ముందు బయటపెట్టును. చీకటిలో మఱుగుపడిన దానినేగాక మనము కావలెనని మఱుగుపఱచిన దానిని సైతము అది చూపును. ఓదార్చు వెలుగును, బయటపెట్టు వెలుగును ఒక్కటే యెట్లగునో ఈ ప్రసంగమున విచారింతము.

బైబిలు గ్రంథము వెలుగుతోనే ఆరంభమగుచున్నది. ఆదికాండము మొదటి యధ్యాయమున దేవుని మాటచేత మొట్టమొదట కలిగినది వెలుగు. వింత యేమనగా, ఆ వెలుగు మొదటి దినమున కలుగగా సూర్యచంద్రులు నాలుగవ దినమునగాని కలుగలేదు. సూర్యుడు లేక వెలుగెట్లు వచ్చెనని పిల్లలు సైతము ప్రశ్నింతురు. ఆ ప్రకరణమును ఖగోళశాస్త్రముగా చదివినచో దీనికి సమాధానము దొరకదు; అది పుట్టిన లోకమును తలచుకొన్నచో దొరకును. యూదుల చుట్టునున్న మహారాజ్యములలో సూర్యుడు దేవుడు. బబులోనులో ఆ దేవునికి షమాషు అని పేరు. ఐగుప్తులో రా అని పేరు. ఆదికాండము సూర్యచంద్రులకు ఆ చోట పేరులైనను పెట్టక, ఒకటి పెద్ద జ్యోతి, రెండవది చిన్న జ్యోతి యని మాత్రము చెప్పి ఊరకుండెను. అనగా అవియును ఇంటిదీపమువలె ఒకరు వెలిగించి పెట్టినవే. కొలువదగినవి కావు, పనిచేయుటకు నియమింపబడినవి. వెలుగు వానిది కాదు, వానికి ఈయబడినది. ఈయబడిన దానిని దాచుకొను అధికారము ఎవరికిని లేదను భావము ఇచటనే మొలకెత్తినది.

ఇక ఆకాశము నుండి ఇంటికి వత్తము. క్రీస్తు కాలమునాటి పాలస్తీనా దేశపు మట్టిదీపములు త్రవ్వకములలో విస్తారముగా దొరకినవి. అరచేతిలో ఇముడునంతటి చిన్న పాత్ర, ఒక ప్రక్క ముక్కువంటి కొన, ఆ కొనలో అవిసెనార వత్తి, లోపల ఒలీవనూనె. దాని వెలుగు ఒక కొవ్వొత్తి వెలుగును మించదు. ఆనాటి పేదల యిండ్లు పెక్కు ఒంటిగది యిండ్లు. అటువంటి గదిలో ఒక్క దీపమును ఎత్తుమీద పెట్టినచో ఇంటనున్న వారందరికిని సరిపోవును. క్రీస్తు కొండమీద చేసిన ప్రసంగమున ఈ దీపమునే ఉపమానముగా గైకొని, దానిని వెలిగించి కుంచముక్రింద మూయువా డుండడని బోధించెను. గ్రీకు మూలమున నున్న మాట మోదియొసు; అది రమారమి 9 లీటర్లు పట్టు ధాన్యపు కొలపాత్ర. మన తెలుగు బైబిలులో దానికి కుంచమని వ్రాసిరి. మన రైతుల యిండ్లలో వాడుకలో నుండిన కొలపాత్ర పేరు గనుక ఈ అనువాదము చక్కగా కుదిరినది.

ఈ ఉపమానమున రెండు విషయములు గమనింపదగినవి. మొదటిది, దీపస్తంభముపైనున్న దీపము ఇంటనున్న వారందరికిని వెలుగిచ్చునన్న మాట. దీపమునకు ఎంపిక లేదు. ఇంటి యజమానుని ముఖముమీద పడిన వెలుగే పనివాని ముఖముమీదను పడును. అత్తగారికి కనబడినట్లే కోడలికిని దారి కనబడును. రెండవది, దీపమును మూయుటకు క్రీస్తు ఎన్నుకొన్న వస్తువు. అది కుండ కావచ్చును, గంప కావచ్చును. కాని ఆయన చెప్పినది కొలపాత్ర. ఇచ్చిపుచ్చుకొనుటకు, లాభనష్టములు చూచుకొనుటకు వాడు పాత్ర యది. ఆయన ఉద్దేశ మిదియే యని గ్రంథమున లేకపోయినను, మన భక్తి తఱచుగా మఱుగుపడునది ఆ పాత్రక్రిందనే యని తలచుటలో దోషము లేదు.

యోహాను సువార్త ఎనిమిదవ యధ్యాయమున క్రీస్తు తానే లోకమునకు వెలుగని ప్రకటించెను. ఈ మాట ఏ సందర్భమున పుట్టినదో తెలిసికొన్నచో దాని బరువు తెలియును. అంతకుముందరి యధ్యాయము పర్ణశాలల పండుగను గూర్చినది. పంటలు ఇల్లు చేరిన పిదప, శరత్కాలమున యూదులు కొమ్మలతో పందిళ్లు వేసికొని ఏడు దినములు జరుపుకొను పండుగ యది. ఆ పండుగ రాత్రులలో యెరూషలేము దేవాలయపు స్త్రీల ఆవరణమున గొప్ప బంగారు దీపస్తంభములు వెలిగించెడివారని, యాజకుల పాత వస్త్రములను చింపి వానికి వత్తులుగా చేసెడివారని, ఆ కాంతి పడని లోగిలి నగరమున లేకుండెనని యూదుల ధర్మసంగ్రహమగు మిష్నా తెలుపుచున్నది. క్రీ.శ. 200 ప్రాంతమున ఈ సంగ్రహము కూర్పబడినది. క్రీస్తు ఆ మాట పలికిన చోటు దేవాలయములో కానుకపెట్టెలున్న స్థలమని సువార్తికుడు వ్రాసెను. ఆ పెట్టెలు స్త్రీల ఆవరణములోనే యుండెనని పండితుల అభిప్రాయము. అనగా పండుగ దీపముల తలపు జనుల మనస్సులలో మెదలుచుండగా, ఆ దీపముల చోటనే ఆయన ఆ మాట పలికెనన్నమాట.

మాటతో ఆయన ఆగలేదు. తరువాతి యధ్యాయమున పుట్టుగ్రుడ్డి యగు ఒక మనుష్యునికి ఆయన చూపు ననుగ్రహించిన కథ యున్నది. ఉమ్మితో బురదచేసి కన్నులపై పూసి, సిలోయము కోనేటిలో కడుగుకొనుమని ఆయన ఆజ్ఞాపించెను. యెరూషలేములో 2004వ సంవత్సరమున మురుగుకాల్వ పని జరుగుచుండగా ఆ కాలపు కోనేటి రాతిమెట్లు బయటపడినవి. వెలుగు అనునది వట్టి సిద్ధాంతము కాదనియు, అది ఒక బిచ్చగాని రెండు కన్నులయొద్దకు నడచివచ్చినదనియు ఈ కథ చెప్పుచున్నది.

కాని ఆ కథలో మనలను కలవరపెట్టునది తరువాతి భాగము. గ్రుడ్డివానికి చూపు వచ్చినందుకు ఊరిలో ఒక్కరైనను సంతోషించినట్లు కానరాదు. ఇరుగుపొరుగువారు వాడు వీడేనా కాడా యని వాదించిరి. పెద్దలు విశ్రాంతిదినమున ఈ పని జరిగెనని తప్పుపట్టిరి. కన్నతల్లిదండ్రులు సమాజమునుండి వెలివేయుదురేమో యను భయముచేత, వాడు పెద్దవాడు గనుక వానినే యడుగుడని తప్పించుకొనిరి. కడకు జరిగినది జరిగినట్లు చెప్పిన పాపమునకు వానినే వెలివేసిరి. వెలుగు వచ్చినప్పుడు అందరును దానిని స్వాగతింతురనుట నిజము కాదు. కన్నులున్నవారు కొందఱు కన్నులు మూసికొందురు. తమ క్రియలు కనబడునను భయముచేత మనుష్యులు చీకటిని కోరుకొందురని అదే సువార్త మూడవ యధ్యాయమున చెప్పబడినది. ఇచట చీకటి యనగా అజ్ఞానము కాదు. తెలిసి దాగుకొను చోటు.

అట్లయిన వెలుగు శిక్షించుటకే వచ్చెనా? కాదు. రాత్రివేళ పిల్లవాని కాలిలో ముల్లు విఱిగినచో తల్లి ఏమి చేయును? దీపమును దగ్గఱకు తెచ్చును. దీపము దగ్గఱకు వచ్చుకొలది పిల్లవాడు కాలు వెనుకకు లాగుకొనును. ముల్లు కనబడినగాని తీయుట సాధ్యము కాదు. బయటపెట్టునదియు, బాధ తీర్చునదియు ఆ దీపమే. యోహాను వ్రాసిన మొదటి పత్రికలో వెలుగునందు నడచుట, పాపము నొప్పుకొనుట, ఒకరితో నొకరికి సహవాసము కలుగుట అను మూడును ఒక్కచోటనే చెప్పబడుటకు కారణ మిదియే. దాచినదానిని దాచియుంచుకొని సహవాసము చేయుట సాధ్యము కాదని ఆ పత్రిక తాత్పర్యము. కతోలికులు గురువునొద్ద చేయు పాపసంకీర్తనమునకును, ప్రొటెస్టంటు సంఘములలో ప్రభురాత్రి భోజనమునకు ముందు అందరును కలిసి చేయు ఒప్పుకోలునకును మూలమగు తలంపు ఇదియే.

ఇచట ఒక ప్రమాదము పొంచియున్నది. వెలుగు చీకటి యను మాటలతో మనుష్యులను రెండు జట్లుగా చీల్చుట మిక్కిలి సులభము. మృతసముద్రతీరమున కుమ్రాను గుహలలో 1947 మొదలుకొని దొరకిన ప్రాచీన గ్రంథపు చుట్టలలో వెలుగు సంతానమునకును, చీకటి సంతానమునకును జరుగబోవు యుద్ధమును వర్ణించు చుట్ట యొకటి కలదు. ఆ సమాజపు నియమావళి వెలుగు సంతానమును ప్రేమింపుమని, చీకటి సంతానమును ద్వేషింపుమని విధించినది. తాము వెలుగులో నున్నామని నమ్మినవారికి ఇతరులు చీకటివారుగా తోచుట సహజము. క్రైస్తవులును చరిత్రలో పలుమార్లు ఈ తప్పునే చేసిరి. యోహాను పత్రికయు ఈ మాటలనే వాడినది. కాని గీతను వేఱొకచోట గీచినది. తాను వెలుగులో నున్నానని చెప్పుకొనుచు తన సహోదరుని ద్వేషించువాడు ఇంకను చీకటిలోనే యున్నాడని ఆ పత్రిక నిర్ణయము. ఎవడు ఏ గుంపువాడన్నది అచట ప్రశ్న కాదు. ఎవని హృదయమున ద్వేషమున్నదన్నదే ప్రశ్న. సూర్యుడు చెడ్డవారిమీదను మంచివారిమీదను ఒకేరీతిగా ఉదయించుటను చూపి క్రీస్తు శత్రువులను సైతము ప్రేమింపుమని బోధించుట ఇందులకు సరిపోవుచున్నది.

తొలికాలపు సంఘము ఈ భావమును ఆచారములలో నిలుపుకొనెను. రెండవ శతాబ్దమున జస్టిను అను గ్రంథకర్త, బాప్తిస్మమునకు ప్రకాశనమని కూడ పేరున్నదని వ్రాసెను. క్రీ.శ. 325లో నైసియా పట్టణమున సమావేశమైన సభ, తండ్రికిని కుమారునికిని గల సంబంధమును తెలుపుటకు వెలుగునుండి పుట్టిన వెలుగను పోలికనే గైకొనెను. ఒక దీపముచేత మఱియొక దీపమును వెలిగించినచో మొదటిదానికి తఱుగు లేదు. రెండవదానికి కొదువ లేదు. ధనము పంచినకొలది తఱుగును. వెలుగు పంచినకొలది పెరుగును.

ఈ పోలికను కంటికి కట్టినట్లు చూపునది పునరుత్థాన పండుగకు ముందటి రాత్రి జరుగు జాగరణారాధన. గుడిలోని దీపములన్నియు ఆర్పివేయబడును. వెలుపల క్రొత్తగా నిప్పు రాజేసి దానినుండి పాస్కా కొవ్వొత్తిని వెలిగింతురు. దానిపై సిలువ గుర్తును, గ్రీకు అక్షరమాలలోని మొదటి కడపటి అక్షరములను, ఆ సంవత్సరపు అంకెలను చెక్కుదురు. దానినుండి ఒకరు, వారినుండి మఱియొకరు తమ తమ చేతి వత్తులను వెలిగించుకొనగా, చీకటిగుడి క్రమముగా ముఖములతో నిండిపోవును. మొదట కనబడునది ప్రక్కవాని ముఖమే.

ఈ ఆరాధనకు ఒక చిత్రమైన చరిత్ర కలదు. కాలక్రమమున కతోలిక సంఘమున దీని వేళ ముందునకు జరిగి జరిగి, శతాబ్దముల పాటు శనివారము ఉదయముననే జరుగుచుండెను. రాత్రి చీకటిని చీల్చు వెలుగును గూర్చిన ప్రార్థనలు కిటికీలనుండి ఎండ పడుచుండగా చదువబడుచుండెను. పోపు పన్నెండవ పయసు 1951లో దీనిని తిరిగి రాత్రివేళ జరుపుటకు అనుమతించెను. 1955 నాటి శాసనముచే అది అంతటికిని నియమమయ్యెను. ఆచారము మిగిలి అర్థము జాఱిపోవుట యెట్లుండునో ఈ చరిత్రవలన మనకు తెలియుచున్నది. పట్టపగలు వెలిగించిన దీపముతో ఎవరికిని పనిలేదు. చీకటి యెచట నున్నదో అచటికి తీసికొనిపోయినప్పుడే దీపమునకు అర్థము కలుగును.

మన తెలుగునేలపై ఈ పాఠమును చెప్పు కట్టడ మొకటి యున్నది. మెదకు పట్టణమున చార్లెస్ వాకర్ పాస్నెట్ అను మిషనరీ కట్టించిన మహాదేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. కరవుకాలమున ఆ కట్టడపు పనివలన పెక్కు కుటుంబములకు కూడు దొరకినదని ఆ ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు. అందలి మూడు గొప్ప రంగు గాజుకిటికీలు ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాల్స్‌బరీ రచించినవి. క్రీస్తు ఆరోహణమును చూపు కిటికీ 1927లోను, జననమును చూపునది 1947లోను, సిలువను చూపునది 1958లోను ఏర్పడినవి. పగటివేళ లోపల నిలిచి చూచినవారికి ఆ రంగులు సజీవములుగా తోచును. ప్రొద్దు గ్రుంకిన పిదప చూచినచో అదే గాజు నల్లని పలకవలె నుండును. బొమ్మ చెదరలేదు, రంగు వెలిసిపోలేదు. వెలుపలి వెలుగు లేదు, అంతే. గాజు తానుగా వెలుగదు. తనగుండ పోవు వెలుగునకు దారి యిచ్చును. భక్తులను గూర్చి క్రైస్తవ ధర్మము చెప్పునదియు ఇంతే. మనము దీపపు పుట్టుక కాము. దారి యిచ్చుటయో, అడ్డు నిలుచుటయో మన చేతిలో నున్నది.

ఇక దైనందిన జీవితమునకు వత్తము. క్రిస్మసుకు ముందు మన సంఘములలో కొవ్వొత్తుల ఆరాధన జరుగును. నవంబరు 2న సమాధుల పండుగనాడు ఆత్మీయుల గోరీలపై కొవ్వొత్తులు వెలిగించి పూలుంచుదురు. ఈ వెలుగులు అందమైనవి, మనస్సును మెత్తపఱచునవి. కాని ఒక్క తండ్రి గోరీమీద వెలిగించుటకు వచ్చిన అన్నదమ్ములు ఇరువురు, పొలముగట్టు తగాదాచేత ఒకరి ముఖ మొకరు చూచుకొనక చెఱియొక ప్రక్కను వత్తి నిలిపి పోయినచో, ఆ వెలుగు దేనిని చూపినట్లు? ఆ రెండు వత్తుల నడుమనున్న చీకటినే చూపినది. యోహాను పత్రిక మాట అచట నిలిచి వారిని ప్రశ్నించును. మనలో ఎన్ని కుటుంబములు ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసి యున్నవో ఎవరికి వారే ఎఱుగుదురు.

వర్తకుడు ఆదివారము ప్రార్థన చేసి సోమవారము తక్కువ తూచినచో అతని దీపము కుంచముక్రింద నున్నదనుటకు వేఱు నిదర్శన మక్కఱలేదు. ఇంటివారికి తెలియకుండ చేసిన అప్పు, జీతగానికి చెప్పని లెక్క, కోడలికి కనబడనీయని తాళముచెవి, ఇవియన్నియు చిన్న చిన్న చీకటులు. వీనిని ఇతరు లెవ్వరో బయటపెట్టునంతవఱకు ఆగక, మనమే వెలుగునొద్దకు తెచ్చుకొనుట విశ్వాసమునకు తొలిమెట్టు. అందులకు సిగ్గు కలుగును. కాని ముల్లు కూడ అప్పుడే బయటికి వచ్చును.

ఇతరుల విషయమున మఱియొక జాగ్రత్త కావలెను. రాత్రి ఎదురుపడిన మనిషి ముఖముమీద టార్చిలైటు వేసినచో వానికి కన్నులు మిఱుమిట్లు గొల్పి ఏమియు కానరాదు. అదే దీపమును వాని పాదములముందు నేలపై పట్టినచో గుంట కనబడును, దారి కనబడును. మనవారి తప్పులను నలుగురిలో ఎత్తిచూపుట ముఖముపై దీపము వేయుటవంటిది. చాటునకు పిలిచి, జరుగనున్న కీడును మెల్లగా చెప్పుట పాదములముందు దీపము పట్టుటవంటిది. దేవుని వాక్యము పాదములకు దీపమని కీర్తనకారుడు పోల్చుట మనకు తెలిసినదే. ఆనాటి మట్టిదీపము ఊరి పొలిమేర వఱకు చూపజాలదు. రెండడుగుల నేలను మాత్రమే చూపును. ఆ రెండడుగులు వేసినవానికే తరువాతి రెండడుగులు కనబడును. బ్రదుకు దారియంతయు ముందే తెలియవలెనని పట్టుపట్టువారికి ఈ పోలిక ఊరట యొసగును.

మట్టిదీపమును వాడినవారికి మఱియొక సంగతి తెలియును. నూనె తఱిగినప్పుడో, వత్తి కొస మాడినప్పుడో దీపము పొగయును. ఊది ఆర్పివేయుట సులభము. పొగ బాధ తీరును. యెషయా ప్రవక్త తన గ్రంథమున వర్ణించిన దేవుని సేవకుడు అట్టి వత్తిని ఆర్పివేయువాడు కాడు. మత్తయి సువార్తికుడు ఆ వర్ణనను క్రీస్తునకు అన్వయించెను. మన యిండ్లలో పొగయుచున్న వత్తులు లేకపోలేదు. పరీక్ష తప్పి మాటలాడుట మానిన కుమారుడు, త్రాగుడు మానలేక సిగ్గుపడుచున్న సోదరుడు, నిరాశచే గుడికి రాకపోవుచున్న పొరుగింటి వృద్ధురాలు, వీరందరు అట్టివారే. వారికి ఉపదేశముకంటె ముందు కావలసినది ఒకరు వచ్చి ప్రక్కన కూర్చుండి, కాసింత నూనె పోసి, వత్తిని మెల్లగా ఎగద్రోయుట.

ఈనాడు మీట నొక్కగానే ఇల్లంతయు వెలుగుచున్నది. నూనె పోయుట, వత్తి సవరించుట మన చేతులు మఱచిపోయినవి. కాని మనుష్యుల నడుమ పోవలసిన చీకటికి మీట లేదు. అది ప్రతిదినము ఎవరో ఒకరు శ్రమపడి నిలుపవలసిన దీపమే. ఈ రాత్రి పడుకొనబోవుటకు ముందు మన యింట ఎవరి ముఖము మనకు కనబడుటలేదో ఒక్కసారి తలచుకొందము. దీపమును ముందుగా ఆ ప్రక్కకు జరుపుదము.